మూడో తరగతిలో కూర్చుని చూడండి

సంక్రాంతి దాటితే చాలు, ప్రైవేటు బడుల వాళ్లు కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ రావడం మొదలుపెడతారు. అక్కణ్ణుంచి ఆరేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. ఊళ్లో ఉన్న మండల పరిషత్ బడిలో వేద్దామా, పసుపు బస్సు ఎక్కించి టౌనుకు పంపుదామా అని. బడులు చూసి రావడం నాకు చాలాకాలంగా అలవాటు కాబట్టి చుట్టాలూ తెలిసినవాళ్లూ నన్నడుగుతుంటారు. "మన ఊరి బడి ఎలా ఉంటుంది బాబాయ్, పిల్లని వెయ్యొచ్చా?" అని. "నువ్వెళ్లి చూశావామ్మా?" అంటాను. దాదాపు ఎవరూ చూసి ఉండరు. రోజూ ఆ గేటు ముందునుంచే వెళ్తుంటారు, లోపల ఏం జరుగుతోందో మాత్రం పక్కింటివాళ్లు చెప్పిందే వాళ్లకు తెలుసు. ఆ పక్కింటివాళ్లూ లోపల అడుగుపెట్టి ఉండరు. చీర కొనేముందు మడత విప్పి, కొంగు చూసి, వెలుతురులో పెట్టి చూసుకునే మనం పిల్ల ఐదేళ్లు గడపబోయే చోటును వినికిడి మీద తేల్చేస్తున్నాం. నాకిది చాలా బాధగా ఉంటుంది.

బయటికి కనిపించేవాటిని నేను తక్కువ చేయను. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’, 2022లో తెలంగాణలో మొదలైన ‘మన ఊరు-మన బడి’ పనులు పూర్తయిన చోట్ల మరుగుదొడ్లు, మంచినీళ్లు, బల్లలు, ప్రహరీ గోడలు వచ్చాయి. అవి కావాలి. మరుగుదొడ్డిలో నీళ్లు రాని బడిలో ఆడపిల్లలు సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా బిగపట్టుకుని కూర్చోవడం నేను చూశాను. అందుకే ఏ బడికి వెళ్లినా ముందు కుళాయి తిప్పి చూస్తాను. మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగుతాను. కట్టడం గురించి నేను చూసుకునేది అంతే. ఆ తర్వాత చూడాల్సింది చదువు.

మార్కులు చూసి కూడా నేనొక నిర్ణయానికి రాను. తల్లి డిగ్రీ చదివి, తండ్రి ఉద్యోగం చేసే ఇంట్లో పిల్లవాడికి పుస్తకాలుంటాయి, ట్యూషనుంటుంది, ఇవాళ ఏం చెప్పారురా అని అడిగే మనిషి ఉంటుంది. వాణ్ణి ఏ బడిలో వేసినా ఎంతో కొంత చదువుతాడు. అలాంటి పిల్లలు ఎక్కువగా చేరే బడికి మంచి మార్కులు వస్తే అందులో ఇంటి వాటా ఎంత, బడి వాటా ఎంత? దీన్ని విడదీసి చూసే గట్టి ప్రయత్నం ఒకటి మన దగ్గరే జరిగింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో 180 పల్లెలు తీసుకున్నారు. ప్రైవేటు బడి ఫీజు కట్టిపెడతామంటే ఎవరు పంపుతారో ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులను అడిగి, ముందుకొచ్చిన వాళ్లలోంచి లాటరీ వేసి కొందరిని పంపారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులోనూ లెక్కల్లోనూ లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవాళ్లు ముందున్నారు. 2015లో అచ్చయిన ఈ అధ్యయనాన్ని సర్కారు బడికి కితాబుగా చదువుకోకూడదు. ఒక్కో పిల్లవాడి మీద సర్కారు పెట్టేదాంట్లో మూడో వంతు కూడా పెట్టని బడులు తెలుగు, లెక్కలకు తక్కువ సమయమిచ్చి కూడా సాటిగా నిలిచాయంటే సర్కారు బడి జవాబు చెప్పుకోవాల్సిందే. తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఫీజునిబట్టి, బోర్డునిబట్టి చదువు ఇంత అని చెప్పలేం. ఆ ఒక్క బడిలోకి వెళ్లి ఆ పిల్లల్ని చూడాల్సిందే.

నేను నేరుగా మూడో తరగతికి వెళ్తాను. ఒకటో తరగతి పిల్లలు ఇంకా బడికి అలవాటు పడుతూ ఉంటారు. ఐదో తరగతికి వచ్చేసరికి చదవడం రాని పిల్లలు ఆ సంగతి దాచుకోవడం నేర్చేసుకుంటారు. పక్కవాడి నోటుపుస్తకం చూసి రాసేస్తారు, అందరితోపాటు గొంతు కలిపి అప్పజెబుతారు. మూడో తరగతిలో ఇంకా ఏదీ దాగదు. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మొదలుపెట్టిన ‘నిపుణ్ భారత్’ కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయగలగాలి అనే గురి పెట్టుకుంది. దానికి గడువు 2026-27. అక్కడ చదవడం రాకపోతే ఆ పైన సైన్సు లేదు, సోషలు లేదు, ఏ మీడియమూ లేదు.

తెలుగు చదవడంలో పిల్లలు ఆగిపోయే చోట్లు కొన్నే. అక్షరాలు ఎలాగో వచ్చేస్తాయి. గుణింతంలో ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం దగ్గర తడబడతారు. ఆ తర్వాత ఒత్తులు. ‘అమ్మ’, ‘అక్క’, ‘పువ్వు’ బొమ్మతో సహా కళ్లలో ఉండిపోయిన మాటలు. అవి చదివినంత మాత్రాన ఒత్తులు వచ్చాయనుకోకూడదు. ‘గుర్రం’ చదివిన పిల్ల చేత ‘సూర్యుడు’ చదివించాలి. ‘శాస్త్రం’ దగ్గర ఎలా కూడబలుక్కుంటుందో చూడాలి. కూడబలుక్కుని చదివితే నాకు సంతోషం. ఆ పిల్లకు దారి తెలిసింది, వేగం అదే వస్తుంది. మాట మొదటి అక్షరం చూసి ఏదో ఒకటి ఊహించి చెప్పేస్తేనే బెంగ.

చదివించడానికి వాళ్ల పాఠ్యపుస్తకం మాత్రం తీసుకోవద్దు. పాఠం నోటికి వచ్చేసి ఉంటుంది. ఒక బడిలో ఓ బాబు గడగడా చదువుతుంటే ఎంతో ముచ్చటేసింది. వాడి వేలు మాత్రం చదువుతున్న చోటికి రెండు వరుసల వెనక ఉంది. పత్రికలో పిల్లల పేజీయో, బడి బీరువాలో ఉన్న బొమ్మల కథో పట్టుకెళ్లండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న ‘అసర్’ సర్వేలో ఇంటింటికీ వెళ్లే కార్యకర్తలు వాడేది కూడా ఇంతే సాదా సాధనం. కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ. ఏ తల్లయినా ఐదు నిమిషాల్లో చేయించగలదు. చదవడం అయ్యాక కథలో వాళ్లు ఆ పని ఎందుకు చేశారో అడగండి. ‘ఎందుకు’కి జవాబొస్తే చదివింది లోపలికి వెళ్లినట్టు.

లెక్కల్లో నేను వేసేది ఒకే ఒక్క తీసివేత. 52లోంచి 27. 25 అని చెప్పేవాళ్లు ఉంటారు, వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాళ్లు ఉంటారు, ఇద్దరూ సరే. 35 అని వేసేవాళ్లను జాగ్రత్తగా చూడాలి. వాళ్లు రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారు. ఒకరిద్దరు అలా వేస్తే అది పిల్లల పొరపాటు. సగం తరగతి అలాగే వేసిందంటే పదుల్లోంచి అప్పు ఎందుకు తెచ్చుకుంటామో వాళ్లకెవరూ పుల్లలతోనో చింతగింజలతోనో చేసి చూపించలేదన్నమాట. పలక మీద రెండు అంకెలు బడి గురించి అంత సమాచారం ఇస్తాయి.

నోటుపుస్తకాలు కూడా అడిగి తీసుకుంటాను. ముత్యాల్లాంటి దస్తూరీతో అన్నీ ఒకేలా, ఒక్క తప్పూ లేకుండా ఉంటే అవి నల్లబల్ల మీదినుంచి ఎక్కించుకున్నవి. తప్పు రాతకింద కూడా టిక్కు పడి ఉంటే టీచరు చదవకుండా దిద్దారు. తప్పు మాట కింద గీత, పక్కన సరైన మాట, రెండు రోజుల తర్వాత అదే మాట ఆ పిల్ల సరిగ్గా రాసిన వాక్యం, ఈ మూడూ ఒకే పుస్తకంలో కనిపిస్తే ఆ టీచరుకు నమస్కారం పెట్టి వస్తాను. బడిలో జరిగే అసలు పని అదే. ఏ కరపత్రంలోనూ అది కనపడదు.

ఇంతకీ నేను బడిని తూచేది చివరి వరుసలో కూర్చున్న పిల్లల్నిబట్టి. చురుకైనవాళ్లను టీచర్లే ముందుకు పిలిచి పద్యం చెప్పిస్తారు. అది విని, మెచ్చుకుని, "వెనక ఉన్న ఆ బాబుకు ఎంతవరకు వచ్చింది మాస్టారూ?" అని అడుగుతాను. "వాడికేం రాదండీ, ఇంట్లో పట్టించుకోరు" అనే జవాబు చాలాచోట్ల విన్నాను. ఉమ్మడి ప్రకాశం జిల్లా మెట్ట పల్లెలో ఒక టీచరమ్మ ఇంకో రకంగా చెప్పింది. ఆమె దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంది. అందులో ప్రతి పిల్లా పేరు, ఏ గుణింతం దాకా వచ్చింది, ఏ ఒత్తు దగ్గర ఆగింది, ఏ తేదీన దాటింది అన్నీ రాసుకుంది. "వీడు సంక్రాంతి దాటాక అమ్మానాన్నలతో మిరపకాయ కోతలకి గుంటూరు వైపు వెళ్లిపోతాడండీ, ఉగాదికి వస్తాడు. వచ్చేసరికి ఒత్తులు మర్చిపోతాడు. అందుకని వెళ్లేముందు ఒక కథల పుస్తకం ఇచ్చి పంపుతాను, వాళ్లక్క చదివిస్తుంది" అంది. ఆ బడికి అప్పటికి సున్నం కూడా సరిగా లేదు. నేను చూసిన బడుల్లో దానికే పెద్దపీట వేస్తాను.

ఇంటి భాష వేరే అయిన పిల్లలున్న చోట ఈ చూపు మరీ అవసరం. ఆదిలాబాద్ వైపు గోండి మాట్లాడే ఇంటినుంచో, శ్రీకాకుళం కొండల్లో సవర మాట్లాడే ఇంటినుంచో వచ్చిన పిల్ల తెలుగు మాట దగ్గర ఆగితే అది మందబుద్ధి కాదు. ఆ సంగతి తెలిసి, ఆ పిల్ల భాషలో నాలుగు మాటలైనా నేర్చుకున్న టీచరు ఉన్న బడి గొప్పది.

టీచర్ల మీదే భారమంతా వేసి మాట్లాడటం అన్యాయం. చాలా పల్లెల్లో ఐదు తరగతులకూ కలిపి ఒక్కరే ఉంటారు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, ఐదో తరగతికి భాగహారం చెబుతూ, ఫోనులో హాజరూ భోజనం లెక్కలూ ఎక్కిస్తూ ఉంటారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుండాలి, 90 దాకా ముగ్గురు. ఏడాదికి 200 రోజులు, 800 గంటలు చదువు చెప్పాలి. ఈ లెక్క మనమీదికే తిరుగుతుంది. మనం పిల్లల్ని మాన్పిస్తాం, సంఖ్య తగ్గుతుంది, పోస్టు వేరే ఊరికి పోతుంది, ఒక్క టీచరు మిగులుతారు. ఒక్క టీచరే ఉన్నారని ఇంకో నలుగురు మాన్పిస్తారు. బడి బాగోలేదని దూరంనుంచి చెప్పిన మాటే కొన్నాళ్లకు నిజమై కూర్చుంటుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన మోడల్ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికొక టీచరును పెట్టారు. అది చాలా మంచి నిర్ణయం, ప్రతి పల్లెకూ దక్కాలి.

మధ్యాహ్న భోజనం వేళ దాకా ఉండండి. ప్రాథమిక బడి పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం లెక్క. అన్నం మెత్తగా ఉందా, పప్పు నీళ్లగా ఉందా, టీచర్లు కూడా రుచి చూస్తున్నారా, అన్ని కులాల పిల్లలూ కలిసి కూర్చుంటున్నారా అన్నవి కంటికి కనిపించేస్తాయి.

ఇదంతా చూడటానికి మీకు ఎవరి సిఫారసూ అక్కర్లేదు. చట్టం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. పిల్లలు చదువుతున్నవాళ్లు ఆ కమిటీలో నిలబడండి, సమావేశంలో రంగుల గురించే కాక మూడో తరగతిలో ఎంతమందికి చదవడం వచ్చిందో అడగండి. ఇంకా చేర్చనివాళ్లు హెడ్మాస్టారుకు ముందుగా చెప్పి, తనిఖీకి వచ్చినట్టు కాకుండా పిల్లను చేర్చబోయే ఇంటి మనిషిగా వెళ్లండి. జెండా పండుగ రోజున వద్దు, మామూలు బుధవారమో గురువారమో వెళ్లండి. ఒంటిపూట బడులు ఏప్రిల్ నాలుగో వారం దాకా నడుస్తాయి. చేతిలో ఒక కథల పుస్తకం పట్టుకుని ఈలోపు ఒక్క పూట మూడో తరగతిలో కూర్చుని రండి, పిల్లను ఎక్కడ వెయ్యాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.