చెరువుకు తగ్గ రెక్క

అడిక్‌మెట్ నుంచి పడమటికి హుస్సేన్‌సాగర్ ఎంతో దూరం లేదు. ఆ చెరువు నిండు మట్టం సముద్ర మట్టానికి 513.41 మీటర్ల ఎత్తు. వానాకాలంలో తప్ప ఎవరికీ పట్టని ఈ అంకె, మోటారు బోటుకు ప్రొపెల్లర్ ఎంచేవాళ్లకు ఏడాది పొడుగునా పట్టాలి. టర్బో లేని ఇంజిన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకు దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. అంటే విశాఖ తీరంలో ఇచ్చే బలంలో 5 శాతం ఇక్కడ లేనట్టే. ఎండాకాలంలో గాలి పలచబడి ఇంకొంత పోతుంది. ఆ లోటు బోటు జోరు మీదున్నప్పుడు అంతగా తెలియదు. ముక్కు పైకెత్తి, తాను లేపిన అలనే ఎక్కలేక ఈడ్చుకుపోయేటప్పుడు తెలుస్తుంది. 16 అడుగుల బోటుకు గంటకు 10 కిలోమీటర్లు దాటగానే ఈ తిప్పలు మొదలు. వాటిని గట్టెక్కి నీటి మీద జారడమే ప్లేనింగ్. అందుకే ఇక్కడి బోటుకు ప్రొపెల్లర్‌ను గరిష్ఠ వేగం చూసి ఎంచకూడదంటాను. ఎంత తక్కువ వేగంలో ప్లేనింగ్ నిలుపుతుందన్నదే చూడాలి.

దానికి మొదట చూడాల్సింది పిచ్. పిచ్ అంటే, జారుడు లేదనుకుంటే, ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు సాగే దూరం. 19 అంగుళాలది తీసి 17ది పెట్టడం ఘాట్ రోడ్డులో గేరు దించడం లాంటిదే. ఇంజిన్ తన సత్తా ఉన్న చుట్లకు త్వరగా చేరుతుంది. అంగుళం తగ్గితే నిమిషానికి 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయని వాడుక లెక్క. రెక్కలు మూడు కాక నాలుగైతే నీటిపై పట్టు పెరిగి బోటు వెనక భాగం లేస్తుంది, థ్రాటిల్ తగ్గించినా వెంటనే కూలబడదు. వేగం పోతుందంటారు. పోతుంది, నిజమే. లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దాకా వెళ్లొచ్చే దూరంలో ఆ వేగాన్ని ఎక్కడ వాడతారు? పెద్ద ఇంజిన్ పెడితే పోలా అనేవాళ్లూ ఉన్నారు; ఆ బరువంతా వెనకే పడి ముక్కు ఇంకా లేస్తుంది.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. పిచ్ మరీ తగ్గిస్తే, మనుషులు దిగిపోయిన బోటులో ఇంజిన్ కంపెనీ పెట్టిన చుట్ల హద్దు దాటి పాడవుతుంది. కాబట్టి అంగుళం, రెండంగుళాల చొప్పునే దిగాలి. నిండు బరువుతో, పూర్తి థ్రాటిల్‌లో చుట్లు ఆ హద్దుకు కాస్త కిందుగా ఆగాలి. ఖాళీ బోటులో దాన్ని దాటకూడదు. నిండు బరువు పరీక్ష మే నెల మధ్యాహ్నం చేయాలి. ఖాళీ బోటు పరీక్షకు జనవరి పొద్దున మేలు, అప్పుడే ఇంజిన్‌కు బలమెక్కువ.