ప్రహ్లాద చరిత్రమున బాలుని మాట

ఆళ్లగడ్డ మీఁదుగా అహోబిలమునకుఁ బోవు యాత్రికులు ఉగ్రస్తంభ మెక్కడ నున్నదని యడుగుదురు. ఎగువ అహోబిలమునందలి ప్రహ్లాద బడిని గూర్చి యడుగువారు తక్కువ. పోతనామాత్యుని సప్తమస్కంధమును మనము స్తంభమువద్దనే చదువుచున్నాము. బడివద్దఁ గూర్చుండి చదివినచో, అది తండ్రిచే హింసింపఁబడిన యొక బాలుని కథయని తేటపడును.

తండ్రి మొదట కొడుకును ఒడిలోనికిఁ దీసికొని నేర్చిన చదువు చెప్పుమనును. ఆ యొడినుండియే పిమ్మట త్రోసివేయును. ఏనుఁగులు, పాములు, విషము తరువాతివి. క్రౌర్యము లాలనము వెనుకనే వచ్చుట గమనింపఁదగినది. ఒడిని మాత్రమే చూచిన యిరుగుపొరుగువారు త్రోపును నమ్మరు. మఱియు ఈ బుద్ధి యెవరు నేర్పిరని తండ్రి గురువులపైఁ గోపించును. బాలునికి స్వంత మనస్సు కలదని ఆతనికిఁ దోఁపదు.

చండామార్కులు క్రూరులు కారు, భయస్థులు. బాలుఁడు పెరిగినకొలఁది బుద్ధి మాఱునని రాజునకుఁ జెప్పి వెంటఁ దీసికొని పోవుదురు. తుదకు తమకు భయము కలుగఁగనే మఱల తండ్రికే యప్పగింతురు. లీలావతి గర్భిణిగా నున్నపుడు నారదుఁ డాశ్రమ మిచ్చెను గాని, హింసాఘట్టములలో నామె గొంతు మనకు వినఁబడదు. 1967 నాటి చలనచిత్రమున అంజలీదేవి ధరించిన లీలావతికిఁ గన్నీరు దొరకినది, అధికారము దొరకలేదు.

ఇప్పుడు నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో దంపతులు విడిపోయి, పదునాలుగేండ్ల పిల్లను వారమున కొకదినము తండ్రియొద్దకుఁ బంపవలెనని కోర్టు ఉత్తరువు చేసిన దనుకొందము. అక్కడ దెబ్బలు తినివచ్చిన పిల్ల మఱల పోనని యేడ్చును. తండ్రి గదా, రెండు గంటలు ఓర్చుకొమ్మని బంధువు లందురు. ఇది చండామార్కుల మాటయే. శాసన మట్లనుట లేదు. తెలివితో తన యిష్టము చెప్పఁగల వయస్సు వచ్చిన పిల్ల మాటను న్యాయాధిపతి పరిగణింపవచ్చునని 1890 నాటి సంరక్షకుల చట్టమే చెప్పినది. 1956 నాటి హిందూ చట్టము బిడ్డ క్షేమమే సర్వప్రధాన మన్నది. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ నిచ్చు 2005 చట్టము 21వ సెక్షను మఱియొక యడుగు వేసినది: తండ్రి వచ్చి చూచుటవలన బిడ్డకుఁ గీడు కలుగునని తోఁచినచో మేజిస్ట్రేటు దానిని నిరాకరించి తీరవలెను.

పిల్లను దాఁచుట మాత్రము తగదు. దాఁచినచో ఉత్తరువు మీఱిన నేరము తల్లిపైఁ బడును, తండ్రికి ఫిర్యాదు దొరకును. సంరక్షణపు టుత్తరువులు స్వభావముచేతనే తాత్కాలికములని సుప్రీముకోర్టు 1973లో రోసీ జేకబు వ్యాజ్యమునఁ జెప్పియున్నది. కాఁబట్టి తరువాతి వారము రాకముందే ఉత్తరువు మార్పునకు దరఖాస్తు పెట్టవలెను; జరిగినవానిని తేదీలతో వ్రాసియుంచవలెను; వైద్యుని పత్రమును, ఉపాధ్యాయుఁడు చూచినదియు జతపఱుపవలెను; పిల్లను ఒంటరిగాఁ దన గదిలో విచారింపుమని న్యాయాధిపతిని గోరవలెను. తక్షణభయ మున్నచో 1098 కు ఫోను చేయవచ్చును. లైంగికహింస యైనచో 2012 పోక్సో చట్టముక్రింద, తెలిసియు ఊరకుండుటయే నేరము.

తల్లియే నేర్పి పలికించుచున్న దను నాక్షేపణ కలదు. అట్లు జరుగుటయుఁ గలదు, మేము కాదనము. అయిన దానిని పరీక్షించుటకు మార్గము పిల్లను వినుట గాని, కొట్టువాని యింటికిఁ బంపి చూచుట కాదు. తండ్రిని ద్వేషింప నేర్పుచున్నారను భయమునకు పోతన గ్రంథముననే సమాధాన మున్నది. హిరణ్యకశిపుఁడు మడసిన పిదప ప్రహ్లాదుఁడు నరసింహునిఁ గోరినది తండ్రి పాపవిముక్తినే. ఉత్తరక్రియలు చేసినవాఁడును ఆతఁడే. స్తంభము పగిలినతోడనే కథ ముగిసిన దని లేచిపోవువారు ఈ ఘట్టమును వినరు.