కొత్త గొర్రెను మందలో కలిపే నేర్పు

కోతలైపోయి మళ్ళు ఖాళీ కాగానే నెల్లూరు జిల్లా అల్లూరు చుట్టుపక్కల పొలాల్లోకి గొర్రెల మందలు దిగుతాయి. రైతులు పిలిచి మరీ మంద కట్టించుకుంటారు. రాత్రంతా జీవాలు పడుకున్న మడికి పెంట, మూత్రం దక్కుతాయి. కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది. ఈ లెక్క అందరికీ తెలిసిందే. సంతలో కొన్న గొర్రెనూ, తల్లి చచ్చిన పిల్లనూ ఆ మందలో ఇమడ్చడానికి కాపరి పడే తిప్పలు మాత్రం గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకు కనిపించవు. పశుపోషణలో ఇంతకంటే సున్నితమైన పని లేదంటాను.

ఈ మందల్లోని నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. దేశంలోకెల్లా ఎత్తయిన గొర్రె జాతి ఇదే. తెల్లనిది పల్ల, తెలుపు మీద కళ్ళ చుట్టూ దవడ కిందా నల్లమచ్చలున్నది జోడిపి, గోధుమరంగుది డోర. ఎండకు ఓర్చుకుంటుంది, ఎంత దూరమైనా నడుస్తుంది. ఒంటరితనానికి మాత్రం ఓర్చుకోలేదు. తోటి జీవం కనబడకపోతే మేత మానేసి అరుస్తూ తిరుగుతుంది. అందుకే తెలిసిన కాపరి ఒక్కదాన్ని కొనడు, ఒకే మందలో పెరిగిన రెండు మూడింటిని కలిపి కొంటాడు.

తెచ్చీ తేగానే దొడ్డిలోకి తోలకూడదు. మొదట రెండు మూడు వారాలు మందకు దూరంగా ఉంచాలి. బొబ్బరోగమో, పీపీఆర్ అనే పారుడు రోగమో ఉంటే ఈలోగా బయటపడుతుంది. తడి నేలల్లో కార్జపు జలగల బెడద ఎక్కువ కాబట్టి నట్టల మందు తాగించడానికీ ఇదే అదను. ఆ గండం గడిచాక మంద పక్కనే, తడిక అడ్డంగా ఉంచాలి. సందుల్లోంచి మూతులు ఆనించి ఒకదాని వాసన ఒకటి పట్టుకుంటాయి, గొంతులు పోల్చుకుంటాయి.

ఇక కలపాల్సింది దొడ్డిలో కాదు, మేతలో. ఇరుకులో కొత్తదానికి తప్పుకునే చోటుండదు. కోసిన మళ్ళలో, ఆకలి మీద తలలు వంచి మేస్తున్నప్పుడు కలిపితే పోట్లాటకు తీరిక ఉండదు. మొదట్లో కొత్తవి మంద అంచునే మేస్తాయి, అంచునే పడుకుంటాయి. వాటిని లోపలికి తోయకూడదు. వాటంతటవే నడుమకు వచ్చి నెమరు వేసిన రాత్రి పని అయినట్టు. పట్నాల్లో కుందేళ్ళు పెంచేవాళ్ళూ ఈ దారినే పోతారు: బోనులు పక్కపక్కన పెట్టి, ఒకదాని కింద పరిచిన గడ్డి ఇంకోదానికి వేసి, వాసన అలవాటయ్యాక రెంటికీ కొత్తయిన చోట వదులుతారు.

పొట్టేళ్ళ దగ్గర ఈ పద్ధతి తిరగబడుతుంది. వాటికి జాగా దొరికితేనే ప్రమాదం. వెనక్కి నడిచి, పరుగెత్తుకొచ్చి ఢీకొంటాయి. మెడ విరిగి చచ్చేవీ ఉంటాయి. కాబట్టి ముందు ఒకటి రెండు రోజులు వెనకడుగు వేసే వీల్లేని ఇరుకులో ఉంచాలి. ఒళ్ళూ ఒళ్ళూ రాసుకుని వాసన కలిశాక వదిలితే సగం పొగరు దిగుతుంది.

అన్నిటికంటే కష్టం తల్లిలేని పిల్లను వేరే తల్లికి మరపడం. ఈనిన గంటా రెండు గంటల్లోనే గొర్రె తన పిల్ల వాసనను గుర్తు పెట్టేసుకుంటుంది. ఆ తర్వాత వేరే పిల్ల పొదుగు దగ్గరికొస్తే కుమ్మేస్తుంది. పిల్ల పాలు కుడుస్తుంటే తల్లిని గమనించండి: మెడ వెనక్కి తిప్పి పిల్ల తోక మొదట్లో వాసన చూస్తుంది. పరీక్ష అక్కడే. పుట్టిన పిల్ల చచ్చిపోయిన తల్లి ఉంటే, దాని ఉమ్మనీటినీ మాయ తడినీ ఈ పిల్ల వీపుకూ తోకకూ పూస్తారు. ఆలస్యమైతే చచ్చిన పిల్ల తోలు ఒలిచి దీనికి తొడుగుతారు. చూడ్డానికి మనసొప్పదు గానీ, పిల్ల ప్రాణం నిలబెట్టే పని అది. పిల్ల ఒంటి మీద ఉప్పు చల్లి తల్లి చేత నాకించడం ఇంకో ఉపాయం. ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు ఉన్న ఈ తీరంలో దానికేం కొదవ! అయినా ఒప్పకపోతే తల్లిని గుంజకు కట్టి రోజూ నాలుగైదుసార్లు పట్టుకుని కుడిపించాలి. ఆ తల్లి పాలే పిల్ల కడుపులో అరిగేకొద్దీ తోక దగ్గర తనకు తెలిసిన వాసనే తగులుతుంది. చివరికి కుమ్మడం మాని, నోరు తెరవకుండానే సన్నగా గురగురమంటూ పిల్లను పిలుస్తుంది.

గొర్రెకు బుద్ధి లేదంటే నేనొప్పుకోను. ఇంగ్లండ్‌లోని బాబ్రహాం ఇన్‌స్టిట్యూట్‌లో కీత్ కెండ్రిక్ బృందం 2001లో ప్రకటించిన పరిశోధన ప్రకారం గొర్రె 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్ళ దాకా గుర్తుంచుకోగలదు. సంతలో విడదీసిన జీవానికి తన నేస్తాలు గుర్తుంటాయన్నమాట.

గొర్రెల పంపిణీ పథకాలు నడిపేవాళ్ళు ఈ సంగతి పట్టించుకోవాలి. 2017లో తెలంగాణ మొదలుపెట్టిన పథకంలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలూ ఒక పొట్టేలూ ఇచ్చారు; జీవాలను ఆంధ్రతో సహా పక్క రాష్ట్రాల్లో కొన్నారు. ఇలాంటి కొనుగోళ్ళలో పళ్ళూ బరువూ చూసినట్టే ఏ మంద జీవమో కూడా చూడాలి. ఒక మందవి ఒకే ఇంటికి పంపాలి. లారీ రాకముందే అక్కడ విడి దొడ్డి కట్టించి, మూడు వారాల మేత కాపరి చేతికి అందించాలి.