చీము ఎక్కడుంది?

చలిజ్వరం అనగానే మైలవరం చుట్టుపక్కల ఊళ్లలో మొదట గుర్తొచ్చేవి మలేరియా, టైఫాయిడ్, డెంగీ. ఇంట్లోవాళ్లు అడిగేదీ ఆ పరీక్షల గురించే. కానీ షుగర్ ఉన్న మనిషికి వణుకుతో జ్వరం వచ్చి, బీపీ పడిపోయి, మూత్రం తగ్గి, మాట తడబడుతుంటే సెప్సిస్‌ను అనుమానించాలి. ఇన్ఫెక్షన్‌తో ఒళ్లు చేసే పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసే స్థితి అది. 2017లో ప్రపంచమంతటా దాదాపు 1.1 కోట్ల మరణాలకు సెప్సిస్‌తో సంబంధం ఉందని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా.

యాంటీబయాటిక్ వెంటనే పడాలి, అందులో రెండోమాట లేదు. అయితే గోడకట్టిన చీములోకి ఎంత మంచి మందైనా సరిగా చేరదు. అది ఎక్కడుందో పట్టుకుని బయటికి తీయాలి.

ఆ వెతుకులాటలో ముందు అక్కరకొచ్చేది అల్ట్రాసౌండ్. నడుము పక్కన జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, "ఊపిరి పీల్చి బిగబట్టండి బాబాయ్" అంటారు డాక్టర్. తెర మీద బూడిదరంగు కిడ్నీ నడుమ నల్లటి ఖాళీలు కొమ్మల్లా విచ్చుకుని ఉంటే మూత్రం కిందికి దిగడం లేదనే అనుమానం బలపడుతుంది. రాయి అడ్డుపడి వెనకాల చీము పడితే మూత్రనాళంలో డీజే స్టెంట్ (మూత్రం దిగేలా ఉంచే సన్నటి గొట్టం) వేయాలి, లేదా వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం పెట్టాలి. లివర్‌లో పెద్ద చీముగడ్డ ఉంటే స్కాన్‌లో చూస్తూనే సన్నటి గొట్టం దించి చీము తీయొచ్చు.

పేగుల్లో గాలి ఉంటే అల్ట్రాసౌండ్‌కు వెనకున్నది కనిపించదు. లోతైన గడ్డకు, చిల్లుపడ్డ పేగుకు, కిడ్నీలో చేరిన గ్యాస్‌కు సీటీ కావాలి. వెన్నుపూసల మీద అనుమానముంటే ఎమ్మారై.

ఎక్కువ కేసుల్లో సెప్సిస్ గుర్తించిన 6 నుంచి 12 గంటల్లోగా ఇన్ఫెక్షన్ మూలాన్ని అదుపు చేస్తే చాలని 2016 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. 2021 నాటివి గంటల లెక్క పెట్టకుండా, వీలైనంత త్వరగా చేయమన్నాయి. మైలవరం నుంచి విజయవాడ దారి కూడా ఆ సమయంలోంచే పోతుంది. అందుకే రిఫరల్ చీటీ మీద మొదటి యాంటీబయాటిక్ డోసు ఏ టైముకు వేశారో, స్కాన్‌లో ఏం కనిపించిందో రాసి ఉండాలి. అటెండర్లు 108 ఎక్కేముందు ఆ రెండూ ఉన్నాయో లేదో చూసుకుని, స్కాన్ ఫిల్ములు వెంట తీసుకెళ్లాలి.