నాలుగు గడుల పట్టిక: ఆంగ్ల పదనిష్పాదన బోధనపై ఒక విమర్శ

ఆంగ్ల పాఠ్యపుస్తకాల అభ్యాసాలలో తరచుగా కనిపించే పట్టిక ఒకటి ఉంది. నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం అని నాలుగు గడులు; ఒక గడిలో పదమిచ్చి తక్కిన మూడూ పూరించమంటారు. ‘సక్సెస్’ ఎదుట ‘సక్సీడ్’, ‘సక్సెస్‌ఫుల్’, ‘సక్సెస్‌ఫుల్లీ’ అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి. అతడే వ్యాసరచనలో ‘హి ఈజ్ సక్సెస్’ అని రాస్తాడు. పట్టిక వచ్చినవాడికి వాక్యం ఎందుకు రాలేదన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ పట్టికను సమర్థించేవారు ‘పదకుటుంబం’ అనే భావనను ఆధారంగా చూపవచ్చు. లారీ బాయర్, పాల్ నేషన్ 1993లో ప్రచురించిన వ్యాసం ఆంగ్ల ప్రత్యయాలను వాడుక, ఉత్పాదకత, క్రమబద్ధత మొదలైన ప్రమాణాలతో 7 స్థాయులుగా అమర్చింది. ‘నెస్’, ‘లెస్’, ‘లీ’ మూడో స్థాయికి చెందుతాయి. ‘ఫుల్’, ‘మెంట్’, ‘ఇటీ’ నాలుగో స్థాయికి. అయితే ఆ అమరికకు నేపథ్యం పఠనం. మూలపదం తెలిసిన పాఠకుడు దాని నుండి పుట్టిన రూపాన్ని అంతగా శ్రమపడకుండానే పోల్చుకోగలడన్నది అందులోని భావన. పోల్చుకోవడం వేరు, పుట్టించడం వేరు. నార్బర్ట్ ష్మిట్, చెరిల్ జిమర్మన్ 2002లో 106 మంది విద్యార్థులపై జరిపిన పరిశీలనలో నాలుగు రూపాలూ తెలిసిన సందర్భాలు గాని, ఒక్కటీ తెలియని సందర్భాలు గాని అరుదు. కొన్ని మాత్రమే తెలియడం సాధారణం. నామ, క్రియారూపాల కంటె విశేషణ, క్రియావిశేషణ రూపాలు వారికి తక్కువగా వచ్చు. ఒక రూపం వస్తే తక్కినవి వాటంతటవే వస్తాయన్న నమ్మకం ఇక్కడ నిలవదు.

మాతృభాష ఆ అధ్యయనానికి ప్రధానాంశం కాదు. తెలుగు విద్యార్థి విషయంలో మాత్రం దానిని పక్కన పెట్టలేము. తెలుగులో ‘అందం’ అనే నామానికి ‘ఐన’ చేరితే ‘అందమైన’, ‘గా’ చేరితే ‘అందంగా’. రెండూ నామం మీదనే నిలుస్తాయి. ఆంగ్లంలో ‘బ్యూటీ’ ముందు ‘బ్యూటిఫుల్’ కావాలి, ఆ తరువాతనే ‘బ్యూటిఫుల్లీ’. పైగా ‘ఆమె అందంగా ఉంది’ అన్నచోట మనకు ‘గా’ తప్పనిసరి; ఆంగ్లానికి అక్కడ విశేషణమే చాలు. ‘షి లుక్స్ బ్యూటిఫుల్లీ’ అన్న తప్పు అజ్ఞానం వల్ల పుట్టినది కాదు, తెలుగు వ్యాకరణాన్ని నిష్ఠగా పాటించడం వల్ల పుట్టినది. (చిన్నయసూరి 1858 నాటి ‘బాలవ్యాకరణం’లో తద్ధితాలకు, కృదంతాలకు వేర్వేరు పరిచ్ఛేదాలే కేటాయించాడు. పక్క తరగతిలో చెప్పే ఆ పాఠాన్ని ఆంగ్లోపాధ్యాయుడు తలచుకోకపోవడం విచిత్రం.)

ఆదానపదాలు ఈ చిక్కును మరింత పెంచుతాయి. ‘సెలెక్ట్ అయ్యాడు’, ‘సెలక్షన్ అయిపోయింది’, ‘టెన్షన్ పడకు’ అనే వాడుకలో క్రియ పని అంతా ‘అవు’, ‘పడు’ ధాతువులే చేస్తాయి. ఆంగ్లపదం ఏ భాషాభాగమన్న స్పృహ అక్కడ అవసరమే లేదు. ‘టెన్షన్’ ఎరిగిన ఇంట్లో ‘టెన్స్’ అంటే క్రియాకాలమే గుర్తుకు వస్తుంది, విశేషణం కాదు.

అర్థభేదాల సంగతి పట్టిక పట్టించుకోనే పట్టించుకోదు. ‘టీచ్’ చేసేవాడు ‘టీచర్’ కాని, ‘కుక్’ చేసేవాడు ‘కుక్కర్’ కాడు. అది పొయ్యి మీది పాత్ర. ‘హార్డ్’కు ‘లీ’ చేర్చి ‘హార్డ్లీ వర్క్స్’ అంటే కష్టపడేవాడు కాస్తా దాదాపు పనిచేయనివాడు అవుతాడు.

పట్టికను పూర్తిగా తీసివేయాలని నా వాదన కాదు. పునశ్చరణకు అది పనికివస్తుంది. బోధన మాత్రం వాక్యంలో మొదలు కావాలి. ‘షి డిసైడెడ్ క్విక్లీ’ అన్న వాక్యాన్ని ‘షి మేడ్ ఎ క్విక్ డెసిషన్’గా మార్పించి చూడవచ్చు. క్రియ నామంగా మారగానే దాని పక్కనున్న క్రియావిశేషణం విశేషణమైంది. ‘మేడ్’ అనే కొత్త క్రియ, ‘ఎ’ అనే ఉపపదం వచ్చి చేరాయి. ఒక్క పదం మారితే వాక్యంలో ఇన్ని చోట్ల కదలిక వస్తుంది. నాలుగు గడులలో ఆ కదలికను చూపే గడి లేదు.