నడిచి చూడాల్సిన రాళ్లు

క్యోటోలో ర్యోఆన్‌జీ గుడి వసారాలో కూర్చుంటే ఎదురుగా తెల్ల కంకర, అందులో 15 రాళ్లు. అంతే. ఎక్కడ కూర్చున్నా ఒక్క రాయైనా మరోదాని చాటున ఉండిపోతుంది. అచ్చంపేట వాడికి రాళ్లు కొత్తా? మా పల్నాట్లో అరుగులూ నాపరాయే, గుమ్మాలూ నాపరాయే. టిక్కెట్టు కొని, చెప్పులు విడిచి, నోరు మూసుకుని రాళ్లకేసి చూడ్డం మాత్రం కొత్త.

నన్ను నిజంగా పట్టేసింది అదే ఊళ్లోని కత్సురా. 17వ శతాబ్దంలో రాజకుటుంబీకులు కట్టుకున్న విడిది అది. కొలను చుట్టూ తోట, తోటలో ఎడంఎడంగా పరిచిన రాళ్ల మీదుగా దారి. పడకుండా నడవాలంటే తల దించుకోవాల్సిందే. కాస్త వెడల్పాటి రాయి దొరికాక నిలదొక్కుకుని తలెత్తితే, అంతదాకా కనపడని కొలను ఒక్కసారిగా ఎదురొస్తుంది. ఎప్పుడు చూడాలో, ఎప్పుడు చూడకూడదో తోట వేసినవాడు మన పాదాలకే చెప్పేశాడు. రాయి ఏం కోరుతుందో కనిపెట్టి నడుచుకొమ్మని 11వ శతాబ్దపు జపాన్ తోటల గ్రంథం 'సకుతేకి' చెప్తుంది కూడా.

ఈ విద్య మన కృష్ణ ఒడ్డున అంతకంటే ముందే ఉంది. అమరావతి మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధస్తూపం చుట్టూ 192 అడుగుల వ్యాసంతో వేదిక అనే రాతి కంచె ఉండేది. వేదికకూ స్తూపానికీ నడుమ సుమారు 13 అడుగుల ప్రదక్షిణ దారి. ద్వారంలోంచి లోపలికి వెళ్లగానే ఎదురుగా స్తూపం అరుగు మీద నిలబెట్టిన ఐదు ఆయక స్తంభాలు. అక్కణ్ణించి ఎడమకు తిరగాలి. కుడిచేతి వైపు స్తూపం పలకలు, ఎడమచేతి వైపు వేదిక లోపలి ముఖాన జాతక కథలు. దారి వంపు తిరిగేకొద్దీ వెనకటి బొమ్మ మరుగవుతుంది, ముందుది బయటపడుతుంది. కథ తెలియాలంటే కాళ్లు కదలాలి. ఆ రాయీ మా పల్నాటి సున్నపురాయే.

ఆ స్తూపం శిథిలాలను 1797లో బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ చూశాడు. 1845లో మరో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ పలకల్లో చాలావాటిని చూడాలంటే ఇవాళ చెన్నైకో లండన్‌కో పోవాలి. లండన్‌లో వాటిని బాగానే కాపాడుతున్నారు, కాదనను. కానీ వలయంలో నిలబెట్టడానికి చెక్కినవి గదిలోకి చేరాక బొమ్మ దక్కింది, నడక పోయింది.

అమరావతిలో స్తూపం ఉన్నచోట మిగిలింది దీపాలదిన్నె అనే దిబ్బ. చుట్టాలొస్తే అమరేశ్వరుడి దర్శనం చేయిస్తాం, ధ్యానబుద్ధుడి విగ్రహం ముందు ఫోటోలు తీస్తాం. దిన్నె దగ్గరికి తీసుకెళ్తే "ఏముంది బావా ఇక్కడ, దిబ్బేగా!" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. చూసే పద్ధతి ఎవరైనా చెబితేగా!

మనమే చెబుదాం. అమరావతి మ్యూజియంలో స్తూపం నమూనా ఉంది. ముందు దాన్ని చూపించండి, ద్వారాలూ స్తంభాలూ గుర్తుపెట్టుకోమనండి. తర్వాత ఎండెక్కకముందే దిన్నె దగ్గరికి తీసుకెళ్లి, దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ఒక చుట్టు నడిపించండి. ఫోన్లు మాత్రం కార్లోనే వదిలేయమనండి.