ముట్టని మెతుకు: 'బలగం' చిత్రం – డిమెన్షియా చరమదశ సంరక్షణ

వ్యాససంగ్రహం: 'బలగం' చిత్రంలో మరణించిన వృద్ధుని అభీష్టాన్ని కుటుంబం కాకి ప్రవర్తన ద్వారా గ్రహిస్తుంది. మరణానంతర క్రతువులో ఔచిత్యమున్న ఈ అర్థనిర్ణయాన్ని, డిమెన్షియాతో మంచం పట్టిన వృద్ధులు తిండి మానినప్పుడు అన్వయించడం ప్రమాదకరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బలగం, పిట్టముట్టుడు, డిమెన్షియా, యాది, సోయి, ఆలన.

1. ప్రవేశిక

వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చి 3న విడుదలైన 'బలగం' ఉత్తర తెలంగాణ భాషను, చావు ఆచారాలను కథావస్తువుగా స్వీకరించిన చిత్రం. చిత్రీకరణ సిరిసిల్ల ప్రాంతంలో జరిగింది. 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలయ్యేవరకు సిరిసిల్ల, పెద్దపల్లి రెండూ కరీంనగర్ జిల్లాలోనివే. కనుక ఇందులోని 'పిట్టముట్టుడు' పెద్దపల్లి ప్రేక్షకులకు సొంత ఇంటి ఆచారమే. ఊళ్లలో తెరలు కట్టి సామూహికంగా చూసిన చిత్రం కావడం వల్ల, వృద్ధుల పట్ల కుటుంబ ధర్మాన్ని గూర్చిన చర్చకు ఇది ప్రామాణిక పాఠ్యంగా నిలిచింది.

2. చిత్రంలోని అర్థనిర్ణయం

ఆరోగ్యంగా తిరుగాడుతున్న కొమురయ్య హఠాత్తుగా మరణిస్తాడు. పెట్టిన ముద్దను కాకి ముట్టదు. తీరని కోరిక ఏదో ఉన్నదని ఊరు నిర్ణయిస్తుంది. నల్లి బొక్క దగ్గర మొదలై ఏళ్ల తరబడి సాగిన అల్లుని అలక, అన్నదమ్ముల పొరపొచ్చాలు బయటపడతాయి. బుడగజంగాల కథాగానం విని కుటుంబం కరిగి ఒక్కటైన తర్వాతనే పిట్ట ముడుతుంది. తినకపోవడమంటే అసంతృప్తి; అసంతృప్తికి కారణం బంధువుల తప్పు. చిత్ర నిర్మాణమంతా ఈ సమీకరణంపై ఆధారపడింది.

హఠాన్మరణం ఈ కథకు అవసరం. కొమురయ్యకు చివరి దినం వరకు యాది ఉంది, మాట ఉంది. కనుక ఆయన కోరిక సందేహానికి తావివ్వదు. అదే కారణంగా మంచం పట్టిన దశ, రాత్రుల మేలుకొలుపు, మలమూత్రాల శుభ్రత కథలోకి రావు. చిత్రం కుటుంబాన్ని పదకొండు దినాలు పరీక్షిస్తుంది. డిమెన్షియా ఏళ్ల తరబడి పరీక్షిస్తుంది.

3. యాది, సోయి

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం 60 ఏళ్లు పైబడిన భారతీయులలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు అంచనా వేసింది. పురుషులలోకన్నా స్త్రీలలో, పట్టణాలలోకన్నా గ్రామాలలో ఇది అధికం. వ్యాధి ముదిరినకొద్దీ గుర్తింపు, మాట, నడక, చివరకు మింగే శక్తి క్షీణిస్తాయి.

తెలంగాణ భాష జ్ఞాపకాన్ని 'యాది' అని, స్పృహను 'సోయి' అని వేరు చేస్తుంది. ఈ భేదం సంరక్షణకు కీలకం. 'సోయి లేదు' అని తీర్మానించిన ఇంట్లో నొప్పిని ఎవరూ విచారించరు. యాది పోయినా నొప్పి, భయం, తెలిసిన చేతి స్పర్శ అనుభవంలో ఉంటాయి. ముడిపడిన నొసలు, మూలుగు, బిగుసుకున్న ఒళ్లు వాటిని తెలుపుతాయి.

4. ముద్ద ముట్టనప్పుడు

చరమదశలో తిండి మానడం చాలాసార్లు వ్యాధి గమనంలో భాగం. పిట్టముట్టుడు తర్కం ఇక్కడ ప్రవేశిస్తే, తల్లి అలిగిందని, కోడలు సరిగా పెట్టలేదని బలగం తీర్పు చెబుతుంది. ఏళ్లుగా అన్నం తినిపించిన చెయ్యే నేరస్థానంలో నిలుస్తుంది. ఆ నింద భయంతో బలవంతంగా మింగించడం, పడుకున్న మనిషి నోట్లో నీళ్లు పోయడం జరిగితే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

ముదిరిన డిమెన్షియాలో గొట్టం ద్వారా ఆహారమిచ్చినా ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. అమెరికా వృద్ధవైద్యుల సంఘం 2014లో గొట్టానికి బదులు జాగ్రత్తగా చేతితో తినిపించడాన్నే సూచించింది. కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా, ఇష్టపడినంతే పెట్టడం. మింగలేని వేళ పెదవులు తడపడం ఈ పద్ధతి సారం. అయితే ప్రతి నిరాకరణనూ అంతిమ లక్షణంగా భావించడమూ దోషమే. నోటిపుండు, పంటినొప్పి, మలబద్ధకం వంటి చికిత్సకు లొంగే కారణాలు ఉండవచ్చు. అర్థనిర్ణయం అవసరమే, దానికి ఆధారం మనిషి శరీరం కావాలి, బంధువుల పాత తగాదా కాకూడదు.

5. ముగింపు

కొమురయ్య కోరికను మరణం తర్వాత కాకి ద్వారా తెలుసుకోవలసి వచ్చింది. జీవితాంత చికిత్సపై ముందస్తు ఆదేశపత్రాన్ని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించి, 2023 జనవరిలో విధానాన్ని సరళం చేసింది. నిర్ణయశక్తి ఉన్నప్పుడే రాయవలసిన పత్రం కనుక డిమెన్షియా తొలిదశలోనే అడగాలి. తెలంగాణ ప్రజారోగ్య వ్యవస్థ ఉపశమన సంరక్షణ కేంద్రాలకు 'ఆలన' అని పేరు పెట్టింది. ఆ మాట ఇంట్లోనూ నిజం కావాలంటే రాత్రి కాపలాను కొడుకులు, బిడ్డలు, అల్లుళ్లు పంచుకోవాలి. కర్మకు కూడిన బలగాన్ని చిత్రం సమర్థంగా చూపింది. మంచం చుట్టూ కూడవలసిన బలగం తెలుగు కథనానికి ఇంకా మిగిలి ఉన్న వస్తువు.